సురక్షిత ప్రాంతం ఏ మండలం, సామీ?

మొంథా తుపానుకు ముందు మా పెద్దనాయన సెల్లుకు హెచ్చరిక వచ్చింది. పశువులను సురక్షిత ప్రాంతాలకు తరలించాలట. నాతో రెండుసార్లు చదివించుకుని, తుండు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఈ సురక్షిత ప్రాంతం యాడుందిరా? మైదుకూరు దాటినాకనా, ముందరనా?"

నాకూ తెలీదు. తుపాను పోయి పది రోజులైందో లేదో, 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు కూడా తరలించమనే చెప్పింది. జాతీయ రహదారుల మీద తిరిగే పశువులను పట్టి గోశాలలకు, షెల్టర్లకు చేర్చాలి, ఎనిమిది వారాల్లో నివేదిక ఇవ్వాలి. సర్కారూ, కోర్టూ ఇద్దరూ ఇంత నమ్మకంగా చెప్తున్నారంటే ఆ ఊరు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. వెతుకుదామని బయల్దేరాను.

ముందు బస్టాండు. విచారణ కిటికీలో ఉన్నాయన బోర్డు వైపు చూసి, "ప్రొద్దుటూరుంది, పోరుమామిళ్లుంది. పత్తికొండకైతే కర్నూల్లో మారాల. సురక్షిత ప్రాంతానికి డైరెక్టు లేదన్నా" అన్నాడు.

"ఎవరికి టికెట్టు?"

"ఎనుముకు."

"ఆడదే గదా. ఆధార్ చూపిస్తే స్త్రీశక్తిలో ఉచితం."

ఎగతాళి అనుకోకండి. ఎనుముకు ఆధార్ ఉంది. చెవికి పసుపుపచ్చ బిళ్ల, దాని మీద 12 అంకెలు. ఏ ఈత, ఏ టీకా, ఏ యజమాని, అన్నీ కంప్యూటర్లో ఉంటాయి. వరదొస్తే ఎక్కడికి పోవాలన్నది తప్ప.

తర్వాత రెవెన్యూ రికార్డు. తెలిసిన వీఆర్వో ఒకాయన ఓపిగ్గా పేజీలు తిప్పాడు. వాగు పోరంబోకు ఉంది, గ్రామనత్తం ఉంది, శ్మశానం ఉంది. సురక్షితం అనే వర్గీకరణ లేదు. ఒకచోట మాత్రం వేలు ఆగింది: బందెలదొడ్డి. 1871లో తెల్లోడు చేసిన చట్టం. చేలో పడిన గొడ్డును తోలుకొచ్చి అందులో వేయాలి, జరిమానా వసూలు చేయాలి. మన దగ్గర శిస్తు పిండిన ఆ దొర కూడా, దొడ్డిలో ఉన్నన్నాళ్లూ గొడ్డుకు మేతా నీళ్లూ చూడాల్సింది దొడ్డి కాపరేనని రాసిపెట్టాడు. చోటు చూద్దామని పోతే అంగళ్ల వరుస కనిపించింది. ఒక అంగట్లో సెల్ రీచార్జి చేస్తున్నారు. బందెలదొడ్డి పోయినా హెచ్చరిక వచ్చే మార్గం మిగిలింది కదా అని సంతోషించాను.

సర్కారు సాయంతో కట్టే పశువుల కొట్టాలు, గోకులాలున్నాయి కదా అన్నారు కొందరు. ఉన్నాయి. 2025 జనవరిలో రాష్ట్రమంతటా 12,500 ప్రారంభించారు. మంచి పనే. అయితే గోకులం కట్టేది రైతు సొంత చోటులో. ఇల్లు వాగు గట్టున ఉంటే గోకులమూ వాగు గట్టునే. బోదకొట్టం పోయి రేకుల కొట్టమొచ్చింది. వాగు మాత్రం ఉన్నచోటే ఉంది.

కర్నూలు మిత్రుడు ఒక సలహా ఇచ్చాడు: కొండారెడ్డి బురుజు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి నగరాన్ని ముంచిన రోజు చూసినవాడు కనుక ఆయన మాట కొట్టెయ్యలేను. ఆ వరదకు దిగువన శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా నీళ్లొచ్చాయి. పెద్దనాయనకు చెప్తే, "మెట్లు ఎక్కేదానికి మన ఎనుము ఒప్పుకోదు" అన్నాడు.

నేనిట్లా తిరుగుతుంటే ఎనుమే కనుక్కుంది. మొన్న వానపడిన రాత్రి పలుపు ఊడబెరుక్కుని పోయి 40వ నంబరు జాతీయ రహదారి మీద నెమరేస్తూ పడుకుంది. పలుపు ఎందుకు ఊడిందో తర్వాత చెప్తాను. ముందు దాని తెలివి చూడండి. చుట్టూ చేలు బురద. రోడ్డు మెరక, తారు వెచ్చన, జోరీగలు లేవు. వేల కోట్లతో నాలుగు వరుసల్లో కట్టిన పశు పునరావాస కేంద్రం ఈ సీమలో అదొక్కటే. అక్కణ్ణుంచీ దాన్ని లేపమంటోంది కోర్టు. కోర్టును తప్పు పట్టను. చీకట్లో ఎనుమును గుద్దితే ఎనుమూ బతకదు, బండివాడూ బతకడు. లేపి ఎక్కడికి తోలాలన్నదే నా బాధ. సురక్షిత ప్రాంతం నుంచి సురక్షిత ప్రాంతానికట!

ఇదంతా పెద్దనాయనకు కథలా చెప్పాను. ఆయన నవ్వలేదు.

"అక్కోళ్ల గొడ్లు ఆ పొద్దు కట్టేసే ఉండినాయి" అన్నాడు.

మా అక్కను ఇచ్చింది చెయ్యేటి గట్టు ఊరికి. ఆ పొద్దు అంటే 2021 నవంబరు 19, కార్తీక పున్నమి. తెల్లవారుజామున ఆ ఏటి మీది అన్నమయ్య డ్యాము కట్ట తెగింది. ఐదు గేట్లలో ఒకటి లేవలేదని అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి షెకావత్ తర్వాత పార్లమెంటులోనే చెప్పారు. పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు మునిగాయి. మనుషులే కొట్టుకుపోయారు, గొడ్ల సంగతి ఎవరడుగుతారు? గొడ్డుకు ఈత వచ్చు. మెడలో పలుపుంటే వచ్చిన ఈత ఏం చేసుకుంటుంది? పలుపు విప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం ఎవరికీ దొరకలేదు. నీళ్లు తీశాక చూస్తే కొన్ని గుంజలకే ఉన్నాయి.

విపత్తులో పాడి ఎనుము చస్తే 2025లో కేంద్రం లెక్క ప్రకారం 37,500 రూపాయలు. గొర్రెకు 4,000. ఇంటికి మూడు పాడి పశువుల దాకానే. నాలుగోది చచ్చినా చావనట్టే లెక్క. చచ్చినాక ఎంత ఇవ్వాలో రూపాయలతో సహా రాసిపెట్టుకున్నారే, చావకముందు ఎక్కడ కట్టేయాలో ఒక్క వాక్యం రాయడానికి చేతులు రాలేదా? మండలానికో మెరక చోటు, దానికో సర్వే నంబరు, ఒక నీళ్లతొట్టి, ఒక గడ్డివామి, అర్ధరాత్రి గేటు తీసే మనిషి పేరు. ఆ ఐదూ లేకుండా తరలించండి అని పంపేది హెచ్చరిక కాదు. రేపు ఎవరైనా అడిగితే "మేం చెప్పాం కదా" అనడానికి దాచుకునే రసీదు.

పలుపు సంగతి చెప్తానన్నాను. చెయ్యేరు తర్వాత వానకాలమంతా పెద్దనాయన ఎనుమును జారుముడితోనే కడుతున్నాడు. రోడ్డెక్కితే లారీ కిందికి పోతుందని ఆయనకూ తెలుసు. ముడి బిగిస్తే ఏమవుతుందో ఇంకా బాగా తెలుసు.