చేపలు చచ్చే తొట్టి: పెట్టుకునే విధానం

అచ్చంపేటలోనో నాగర్‌కర్నూలులోనో కొత్తగా స్లాబు పడిన ఇంటికి గృహప్రవేశం లోపు చేరాల్సిన సామానులో ఇప్పుడు అక్వేరియం కూడా ఒకటి. సోఫాకూ టీవీకీ నడుమ లైటు వెలిగే గాజు తొట్టి లేకపోతే హాలు బోసిపోయినట్టే లెక్క. వాగులూ కుంటలూ ఉన్న అమ్రాబాద్ గుట్టల మీది వాళ్లకు కూడా నీళ్లను గోడ పక్కన పెట్టుకుని చూడాలనిపించడంలో తప్పేం లేదు. అందుకే మనవాళ్లంతా పాటిస్తూ వస్తున్న పద్ధతిని ఇక్కడ వరసగా చెప్పుకుందాం. దీన్ని తు.చ. తప్పకుండా పాటిస్తే నెల తిరగకముందే తొట్టి ఖాళీ అవుతుంది. ఆ తర్వాత అందులో ప్లాస్టిక్ పూలు పెట్టుకోవచ్చు.

ముందుగా, తొట్టినీ చేపల్నీ ఒకే రోజు, వీలైతే ఒకే ఆటోలో తెచ్చుకోవాలి. తొట్టి పెట్టి, నీళ్లు పోసి, చేపల కోసం నెల ఆగమంటే పిల్లలు ఊరుకోరు, నిజానికి పెద్దలే ఊరుకోరు. ఆగాల్సిన కారణం మాత్రం కంటికి కనిపించేది కాదు. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వస్తుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా అదే వస్తుంది. దాన్ని నైట్రైట్‌గానూ, నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గానూ మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీదా ఫిల్టరు స్పాంజిలోనూ కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంతవరకు చేప తన విషంలో తానే ఈదుతుంటుంది. మూడో రోజో నాలుగో రోజో నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడతాయి. చేపలు పైకి తేలి, మూతి నీటి అంచుకు ఆనించి గబగబా నోరు తెరుస్తూ మూస్తూ ఉంటాయి. ఊపిరాడక అవి అలా చేస్తుంటే, మనతో మాట్లాడుతున్నాయని ఇంట్లో సంబరం. సరిగ్గా అప్పుడే రెండో సూత్రం అమల్లో పెట్టాలి: నీళ్లన్నీ పారబోసి, గులకరాళ్లు సబ్బుతో కడిగి, స్పాంజిని నల్లా కింద తెల్లగా అయ్యేదాకా పిండాలి. అప్పుడప్పుడే కుదురుకుంటున్న బ్యాక్టీరియా మోరీలో కొట్టుకుపోతుంది. మురికి పోయిందన్న తృప్తి మనకు మిగులుతుంది, చేపకు కథ మళ్లీ మొదటి రోజు నుంచి మొదలు. శుభ్రత మీద మనకున్న మోజు చంపినన్ని చేపల్ని రోగాలు చంపి ఉండవు.

దీనికి ఊళ్లో తిరుగులేని ఆక్షేపణ ఒకటుంది: కుంటలో చేపలకు ఎవడు ఫిల్టరు పెట్టాడు, వాటి నీళ్లు ఎవడు మార్చాడు? ప్రశ్న మంచిదే. ఎకరం కుంటలో మీటరు లోతు నీళ్లుంటే దాదాపు 40 లక్షల లీటర్లు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టిని అంచుదాకా నింపినా 127 లీటర్లు దాటవు. కుంటకు బురద ఉంది, నాచు ఉంది, గాలికి అలలాడే ఎకరం ఉపరితలం ఉంది. ఫిల్టరు లేదనుకోవడం మన పొరపాటు, కుంటంతా ఫిల్టరే. 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ మొక్కల్నీ చేపల్నీ నత్తల్నీ ఒకే గాజు పాత్రలో నిలబెట్టి చూపించింది ఈ సమతూకాన్నే. అలంకారం సంగతి తర్వాత వచ్చింది. పైగా కుంటలో చేపలు చావవని ఎవరన్నారు? మే నెలలో నీళ్లు అడుగంటితే తెల్లారేసరికి తేలిన చేపల్ని చూడనివాళ్లు ఈ వైపు తక్కువ. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ ఇమిడితే, 35 డిగ్రీలకు అది 7 దగ్గరికి పడిపోతుంది. అదే సమయంలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. రేకుల వరండాలో పెట్టిన తొట్టికి మే నెల రోజూ వస్తుంది.

నీళ్ల విషయంలో పెద్దగా ఆలోచించకండి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు నేరుగా పట్టి పోస్తే మన కడుపును కాపాడే క్లోరినే చేప మొప్పల్ని కాల్చేస్తుంది. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ, భూమి లోపలి నుంచి వచ్చిన నీళ్లలో ఆక్సిజనూ అంతంత మాత్రమే. ఒక రాత్రంతా డ్రమ్ములో గాలి మోటారు ఆడించి మర్నాడు పోయడమనేది పనీపాటా లేనివాళ్ల సంగతి. ఫైటర్ చేపకైతే గాజు గ్లాసు చాలు. అది పైగాలి కూడా పీల్చుకోగలదు కనుక త్వరగా చావదు, చావకపోవడాన్నే మనం బతకడమంటాం. మేత ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు వేయండి.

ఇప్పుడు అసలైన సలహా. తొట్టిని ఈశాన్యంలో పెట్టండి. ఎనిమిది బంగారు చేపలు, ఒక నల్ల చేప, మొత్తం తొమ్మిది. లెక్క ఫెంగ్ షుయ్‌ది, దిక్కు వాస్తుది. రెండూ ఎప్పుడు వియ్యమందాయో గానీ షాపులో మాత్రం కలిసే దొరుకుతాయి. గోల్డ్‌ఫిష్ సరిగ్గా పెంచితే జానెడు పెరిగే చేప, పదేళ్ల పైన బతుకుతుంది. ఆ లెక్కన మూడడుగుల తొట్టిలో తొమ్మిదంటే సిటీ బస్సే. అయితే ఈ సూత్రంలోని గొప్పతనం సంఖ్యలో లేదు. చేప చచ్చిపోతే ఇంటికి రావాల్సిన గండం అది మోసుకుపోయిందనే వివరణలో ఉంది. కోడి చస్తే తెగులేమో అంటాం, మొక్క ఎండితే నీళ్లు తగ్గాయేమో అంటాం. చేప దగ్గరికి వచ్చేసరికి ప్రతి చావూ లాభమే. దోషం ఎక్కడుందో వెతకాల్సిన పని లేదు, అదే రోజు ఇంకో చేపను కొనొచ్చు. ఇలా పదిసార్లు చచ్చినా పదకొండోసారి మనం నేర్చుకునేది ఏమీ ఉండదు, ఎందుకంటే లెక్క ప్రకారం ఇప్పటిదాకా అంతా బాగానే జరిగింది. నమ్మకాలు ఎవరి ఇష్టం వాళ్లవి, వాటితో తగువు లేదు. కానీ ఈ నమ్మకం తేలికగా నిలబడటానికి కారణం భక్తి కాదని మనకూ లోలోపల తెలుసు. మన చేతుల్లో ఒక ప్రాణి నెమ్మదిగా చచ్చిపోవడాన్ని రోజూ చూస్తూ ఉండటం కష్టం. గండం అనుకుంటే ఆ కష్టం తగ్గుతుంది.

చేపలు అచ్చిరాకపోతే, ఇంటికి లక్ష్మిని తెస్తుందనే తాబేలుకు మారండి. నక్షత్ర తాబేలును ఎవరైనా అడవి నుంచి తెచ్చిస్తే నీళ్ల టబ్బులో వేయండి. అది మెట్ట మీద తిరిగేది, ఈత రాదు. లక్ష్మి వచ్చేలోపు అది మునిగిపోతుంది. ఆలోపు అటవీశాఖ వాళ్లు వస్తే మరీ కష్టం: వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి, 3 ఏళ్లకు తగ్గని జైలు. షాపులో దొరికే రూపాయి బిళ్లంత ఎర్రచెవుల తాబేలు అమెరికాది. దానికి ఎక్కి ఎండ కాగడానికి పొడి రాయి కావాలి, గాజు లోపలికి రాని అతినీలలోహిత కిరణాల కోసం ప్రత్యేకమైన దీపం కావాలి. సాల్మొనెల్లా భయంతో అమెరికాలోనే 1975లో నాలుగంగుళాల లోపు తాబేళ్ల అమ్మకం ఆపేశారు. అది బతికితే పళ్లెమంత అవుతుంది, ముప్పై ఏళ్లు ఉంటుంది. అప్పుడు పనికొచ్చేదే ఆఖరి సూత్రం.

విసుగొస్తే వదిలేయండి. కవరులో వేసుకుని శ్రీశైలం దారి పట్టండి. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం మధ్యలోంచి పోయే ఈ రోడ్డును జంతువుల కోసం రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు కాబట్టి పగలే బయల్దేరాలి. వాగులో వదిలినా, వంతెన మీద నుంచి వదిలినా చేరేది కృష్ణకే. ఇదే జీవకారుణ్యమంటారు. తొట్టి గోడలకు పట్టిన పాకురు నాకుతుందని కొన్న సక్కర్ చేప దక్షిణ అమెరికాది. ఒంటినిండా ఎముకల కవచం, ముళ్ల రెక్కలు, గట్టులో బొరియలు తవ్వి గుడ్లు పెట్టే అలవాటు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో మిగిలే డీఎన్ఏ జాడను బట్టి వెతికితే తూర్పు కనుమల్లోని నీటి వనరుల్లో 60 శాతం దాకా ఈ చేప చేరినట్టు తేలింది. అమ్రాబాద్ గుట్టలున్న నల్లమల తూర్పు కనుమల్లోనిదే. వలలో అది పడితే చేప పోతే పోయింది, వల చిరుగుతుంది. సోమశిల దగ్గర శ్రీశైలం వెనకనీళ్లలో వల వేసి బతికేవాళ్లకు మన కారుణ్యం చేరేది ఆ రూపంలో.

ఒక్క చేపతో నది పాడవుతుందా అంటారు. అందరూ ఒక్కటే వదిలారు. మరి ఏం చేయాలి? అమ్మిన షాపుకే తిరిగి ఇవ్వొచ్చు, పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు ఇచ్చేయొచ్చు. షాపువాళ్లు తీసుకోరన్నది చాలాసార్లు నిజం కాదు. తీసుకుంటారు, డబ్బులే ఇవ్వరు.