గుడారం బాబాయిగారు

కోనసీమలో మొలవొద్దంటే వినే మొక్క లేదు. దడికి గుంజగా పాతిన మునగకొమ్మ నెల తిరక్కుండా చిగురేస్తుంది. చూరుకింద మరిచిపోయిన కొబ్బరికాయ తనంతట తానే మొక్కై కూర్చుంటుంది. డాబా గొట్టంలో రావిమొక్క పీకితే మర్నాటికి దాని తమ్ముడు వస్తాడు. గోదారి ఒండ్రు ఎప్పటిదో. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్ళూ తోడయ్యాయి. అలాంటి నేలమీద మా బాబాయిగారు తలుపులు బిడాయించిన గదిలో, గుడారం కట్టి, కరెంటు దీపం కింద కొత్తిమీర పెంచుతున్నారని తెలిసి, చూసి రావడానికి వెళ్ళాను.

ఈ జాతి మనిషి ఆయనొక్కరే అనుకోకండి. అమలాపురం నుంచి రాజోలు దాకా, ఇటు కొత్తపేట దాకా వెతికితే ఊరికొకరు తగులుతారు. ఆనవాళ్ళు చెబుతాను. ఉద్యోగం అయిపోయి ఉంటుంది. పెన్షను ఒకటో తారీకున పడుతుంది. పొలం కౌలుకిచ్చేసి ఉంటారు. కొడుకు అమెరికాలో ఉంటాడు. ఫోనులో వీడియోలు చూడ్డం వచ్చు, మధ్యలో ఆపడం రాదు. అన్నిటికంటే ముఖ్యంగా, బతుకులో ఒక్కసారి కూడా మోకాలిదాకా బురదలో దిగి ఉండరు. మా బాబాయిగారు సైన్సు మేష్టారుగా రిటైరయ్యారు గనక, వీటికి తోడు ప్రతిదానికీ కారణం చెప్పే జబ్బు కూడా ఉంది.

మూలం కొడుకు దగ్గరే ఉంది. వాడుండేది మినియాపొలిస్‌లో. చలికాలం ఒక్కోసారి మైనస్ ఇరవై డిగ్రీలు. ఇక్కడినుంచి కరివేపాకు రెమ్మ పట్టుకెళ్దామంటే అక్కడి వాళ్ళు రానివ్వరు. నారింజ తోటల్ని ఎండబెట్టే తెగులుంది, దాన్ని మోసే పురుగు కరివేపాకు మీదా బతుకుతుందని వాళ్ళ భయం. అందుకని వాడు ఇంటి నేలమాళిగలో నల్లటి గుడారం ఒకటి నిలబెట్టి, లోపల దీపం వేలాడదీసి, ఒక కరివేప మొక్కని కన్నబిడ్డలా సాకుతున్నాడు. వీడియోకాల్లో అది చూపించాడు. పిన్ని కళ్ళనీళ్ళు పెట్టుకుంది, మొక్కని చూసి కాదు, కరివేపాకు కోసం ఇన్ని పాట్లు పడుతున్న బిడ్డని చూసి. బాబాయిగారు మాత్రం గుడారం వంకే చూస్తూ, "పొడవెంతరా?" అన్నారు.

"వాడికైతే మంచుందండీ, మీకేమొచ్చింది?" అంది పిన్ని. ఆ ప్రశ్నకి ఈరోజుకీ జవాబు లేదు.

అమలాపురంలో పైపుల కొట్టుకి వెళ్ళి ముప్పాతిక అంగుళం పీవీసీ పైపులు, ఎల్బోలు, టీలు అడిగారు. మూలకి మూడు పక్కలా పైపు దూరే ఎల్బో కావాలన్నారు. "బాత్రూముకాండీ?" అన్నాడు కొట్టతను. "కాదు, కొత్తిమీరకి." అతను మరి మాట్లాడలేదు, బిల్లు రాశాడు.

నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు. ఒకప్పుడు గాదె ఉన్న గదిలో చట్రం లేచింది. పైన ధాన్యం ఆరబోసుకునే నల్ల బరకం. తలుపుకి జిప్పు కావాలి గనక, కొడుకు అమెరికా వెళ్ళిన ఏడు కొని మూలపడేసిన ఎయిర్‌బ్యాగు పొట్ట చీల్చారు. లోపలివైపు వెలుగు తిరిగి మొక్కమీద పడాలని బిర్యానీ పొట్లాలు కట్టే వెండిరేకు కాగితం అంటించారు. అది ముడతలు పడి, ఒకచోట కళ్ళు జిగేలుమనేలా, ఇంకోచోట చీకటిగా తయారైంది. "తెల్ల సున్నం కొడితే పోయేదానికి," అంది పిన్ని గుమ్మంలోంచి. వారం తరవాత ఏదో వీడియోలో విదేశీయుడెవరో రేకుకంటే తెల్లరంగే నయమని చెప్పాక, ఆయన రేకు పీకేసి తెల్లరంగు వేశారు. ఆ ఘనత విదేశీయుడికే దక్కింది.

చట్రానికి నాలుగు పక్కలా బరకం చుడుతున్నప్పుడు కౌలు రైతు వచ్చాడు. కనుమనాడు జగ్గన్నతోటకి పదకొండు రుద్రుల ప్రభలు తరలివెళ్ళే సీమ మాది. వెదురు చట్రానికి రంగు బట్టలు కట్టడం అతనికి ఊహ తెలిసినప్పట్నుంచీ తెలుసు.

"ఈ ఏడు ప్రభ ఇంట్లోనే కడతన్నారాండీ మేష్టారండీ?"

"ప్రభ కాదోయ్. ఇందులో పంట."

"ఆయ్." కాసేపు చూశాడు. "మరి ఇందులోకి గట్టుదాటి నీళ్ళు రావు కదండీ?"

అతను వెటకారమాడాడో, నిజంగానే అడిగాడో తేల్చుకోలేక బాబాయిగారు ఆ రాత్రి నిద్రపోలేదట. 2011లో గిట్టుబాటు కాక ఖరీఫ్ నాట్లే మానేసి పంట విరామం అన్న రైతుల్లో ఈయన మూడెకరాలు చేసే ఇతనూ ఉన్నాడు. అప్పుడు కౌలు ఎవరిస్తారన్నదే బాబాయిగారి చింత. ఇప్పుడు అదే మనిషికి నిలబెట్టి వ్యవసాయం నేర్పుతున్నారు.

మట్టి పనికిరాదన్నారు. మొక్కకి కోకోపీట్ కావాలట. ఇటుకలా అచ్చుపోసిన అయిదు కిలోల దిమ్మ కొరియర్లో వచ్చింది. నీళ్ళు పోస్తే ఉబ్బి గంగాళం నిండింది. నేను చేతిలోకి తీసుకుని చూస్తే ఏముంది, కొబ్బరి పీచు తీయగా రాలే పొట్టు! అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకి కూతవేటు దూరంలో ఉన్న ఇల్లిది. దొడ్లో వలుపు అయ్యాక మిగిలిన డొక్కలు మనిషెత్తు పోగుపడి ఉన్నాయి. వాటిని నీళ్ళపొయ్యిలో పెట్టే పిన్ని, దిమ్మ ఖరీదు విని పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చింది. "మన డొక్కలే వీళ్ళకి అమ్మేద్దామండీ," అంది. అదే అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన కేంద్రం కూడా ఉంది, వెళ్ళి అడక్కపోయారా అన్నాను. "వాళ్ళు ఆరుబయట పెంచుతార్రా," అన్నారు జాలిగా.

దీపం వచ్చింది. ఎరుపూ నీలమూ కలిసిన వంకాయరంగు వెలుగు. ఆకు మిగతా రంగులకంటే పచ్చరంగుని కాస్త ఎక్కువ వెనక్కి కొడుతుంది, ఎరుపునీ నీలాన్నీ ఎక్కువ తింటుంది, అందుకని మొక్కకి ఇష్టమైనదే వడ్డిస్తున్నామని వివరించారు. అదీ నిజమే. కానీ రాత్రి తొమ్మిదింటికి పెంకుటింటి కిటికీలోంచి ఆ రంగు వెలుగు వీధిలోకి పడుతుంటే ఊరు ఊరుకుంటుందా? క్షుద్రపూజలని ఒకరు, గంజాయి అని ఒకరు. చివరికి ఓ కానిస్టేబుల్ మోటారు సైకిలు దిగి, బూట్లు విప్పి మరీ లోపలికొచ్చి, జిప్పు తీసి చూశాడు. నాలుగు కుండీల్లో సన్నగా, పొడుగ్గా, పక్కకి వాలి, ఇప్పుడే జ్వరం తగ్గి లేచినట్టున్న కొత్తిమీర. "పాపం," అని జిప్పు వేసేశాడు.

ఆ దీపాన్ని ఎవరేమన్నా బాబాయిగారు సహించలేరు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని 65 రోజులు మండినప్పుడు రాత్రుళ్ళు కూడా చీకటి పడలేదని, కృత్రిమ వెలుగుమీద తన పరిశోధన అప్పుడే మొదలైందని చెబుతారు. ఊళ్ళకి ఊళ్ళు సామాన్లు సర్దుకుని పరిగెడుతుంటే ఈయన ఏం పరిశోధించారో తెలీదు. పిన్నినడిగితే, పెట్టె మోయమంటే పుట్టింటి వాళ్ళొస్తారులే అన్నారంది.

ఫోనులో వెలుగు కొలిచే ఆప్ ఉంది. గుడారంలో పెట్టి చూపించారు. పద్నాలుగు వేల లక్సులు. మామూలు గదిలో మూడు నాలుగొందలు మించదు, కాబట్టి గొప్పే. నేను ఊరుకోక ఆ ఫోను పట్టుకుని దొడ్లోకి నడిచాను. ఎండలో లక్ష దాటింది. ఆయన వెనకే వచ్చి ఫోను లాక్కున్నారు.

"అది అదుపులో లేని వెలుగురా."

గాలికి బాత్రూము ఎగ్జాస్టు ఫ్యాను పెట్టారు. వేడిగాలి పైకి పోతుంది గనక ఫ్యాను పైన, చల్లగాలి రావడానికి కింద చిల్లు. ఈ ఏర్పాటు పదహారణాలా సరైనది. చిక్కు తేమ దగ్గర వచ్చింది. మీటరులో 60 ఉండాలట, శ్రావణమాసం ముసురులో 88 కంటే దిగలేదు. రెండో ఫ్యాను పెట్టారు. 88. బయట గాలే అంత చెమ్మగా ఉంటే, దాన్నే లోపలికి లాగి మళ్ళీ బయటికి తోసే ఫ్యాను ఏం చేస్తుందని అడగబోయి, ఆయన మొహం చూసి మానేశాను. వంద వాట్ల దీపం రోజుకి పదహారు గంటలు. నెలకి 48 యూనిట్లు, ఫ్యాన్లు కాక. కరెంటు పోయిన రాత్రి టార్చిలైటు పట్టుకుని గుడారంలో నిలబడ్డారట. మూడు నెలలకి చేతికొచ్చిన కొత్తిమీరతో పిన్ని రెండు చారులు కాచింది. రెండోదాంట్లో చాల్లేదని బజార్నుంచి తెచ్చి కలిపింది, ఈ సంగతి ఆయనకి చెప్పకండి.

వానలు వెనకపట్టాయి. కుండీల్లో విత్తేటప్పుడు నలిపి చెరిగిన ధనియాలు చేటలోంచి నూతి గట్టు పక్కన ఎప్పుడు రాలాయో, అక్కడ కొత్తిమీర పచ్చగా, గుబురుగా, వాసన వీధిదాకా కొడుతూ లేచింది. బాబాయిగారు చూశారు. "విత్తనం మంచిది," అన్నారు, అంతే. ఆ రోజునుంచి నూతివైపు వెళ్ళాల్సొస్తే ఇంటిని చుట్టి వెళ్తున్నారు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. పిన్ని అంతకుముందు రోజే బూడిదగుమ్మడి వడియాలు పెట్టింది. రెండు చాపల నిండా వడియాలు, ఆరలేదు, ఆకాశం తెరపివ్వదు. ఆవిడ ఎవరినీ అడగలేదు. కుండీలు నాలుగూ అరుగుమీదకి జరిపి, వడియాలు పళ్ళేల్లోకి ఎత్తి, గుడారంలో వరసగా పేర్చి, రెండు ఫ్యాన్లూ వేసి, జిప్పు లాగేసింది. బాబాయిగారు మధ్యాహ్నం కునుకులోంచి లేచి చూసి, ఇల్లెగిరిపోయేలా అరిచారట. నేను ఫోను చేసేసరికి గొంతు మామూలైపోయింది. దీపం వడియాలకి ఎంత ఎత్తులో ఉండాలో లెక్క కడుతున్నారు. మీటరు తేమ ఎక్కువే చూపిస్తోంది గానీ, మర్నాటికి వడియం అంచు గలగలమంటోందని కూడా చెప్పారు.

ఆదివారం కొడుకు వీడియోకాల్లోకి వచ్చాడు. వెనకాల వాడి గుడారం, లోపల కరివేప.

"ఈసారి ఏం వేశారు నాన్నా?"

"బూడిదగుమ్మడి."

"గుమ్మడా! తీగ పాకడానికి అంతలో చోటు సరిపోతోందా?"

బాబాయిగారు వంటింటివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"తీగ లేని రకంరా."