బిరుదులేవి?

ఎఱ్ఱసిరాతో వ్రాసిన ఆ యొక్క మాటను చూచి నేటికి తొమ్మిది దినములైనది. ఈ తొమ్మిది దినములలో నేను తిన్న అన్నములో రాయివలెను, పోయిన నిద్రలో నల్లివలెను అది నాకు తగులని పూట లేదు. జాషువ కవిని పరిచయము చేయుమను ఎనిమిది మార్కుల ప్రశ్నకు నేను రెండున్నర పుటలు సమాధానము వ్రాయగా, మా మాస్టారు దాని ప్రక్కన రెండంకె వేసి, ఆ రెండు క్రింద అడిగిన ప్రశ్న ఇది: "బిరుదులేవి?"

నేను వ్రాసినది వేఱు. 1941లో వెలువడిన గబ్బిలమును గూర్చి వ్రాసితిని. గుడిలో అడుగు పెట్ట నధికారము లేని యొక మనుష్యుడు, ఆ గుడిలోనే యథేచ్ఛగా తలక్రిందులుగా వ్రేలాడు గబ్బిలమును పిలిచి, కాశీవిశ్వనాథునికి తన మొఱ వినిపింపుమని బ్రతిమాలుకొనుటను గూర్చి వ్రాసితిని. కాళిదాసుని యక్షునికి శాపము ఒక్క సంవత్సరమే గాని, ఇతని శాపమునకు గడువే లేదని వ్రాసితిని. ఆ పుస్తకము చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదని గూడ, బుద్ధిలేక, వ్రాసితిని. ఇదంతయు కలిపి రెండు మార్కులు. కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి, కవితావిశారద, కవిదిగ్గజ అను నాలుగు ముక్కలు వ్రాయనందుకు పోయినవి ఆఱు. అనగా ముక్క యొక్కింటికి మార్కున్నర. నా గదిలోని మిత్రునికి ఏడు వచ్చినవి. గబ్బిలమనునది పక్షిశాస్త్ర గ్రంథమని అతని నమ్మకము.

బిరుదుల ప్రస్తావన వచ్చినది గనుక, ఈ తొమ్మిది దినములలో నేను వానిపై సాగించిన పరిశోధనను పాఠకులకు నివేదింపక తప్పదు. మన సారస్వత ప్రపంచములో మొట్టమొదట గోచరించునది భూమి కొఱత. శ్రీనాథుడు కవిసార్వభౌముడు, విశ్వనాథవారు కవిసమ్రాట్టు, జాషువ నవయుగ కవిచక్రవర్తి. శ్రీకాకుళము మొదలు చిత్తూరు వఱకు కొలిచి చూచినను, ఇందఱు ఏకచ్ఛత్రాధిపతులు కాలు చాపుకొనుటకు చాలు చోటు కానరాదు. ఒకరి ఛత్రపు కమ్మి మఱియొకరి కంటిలో గ్రుచ్చుకొనక మానదు. పోనీ, ఇంతటి సామ్రాజ్యమునకు క్రింది ఉద్యోగులైన నుండవలెను గదా! కవికరణము లేడు, కవిమునసబు లేడు, తుదకు దండోరా వేయుటకు కవివెట్టివాడైన లేడు. పన్నులు వసూలు చేయువాడు లేని రాజ్యమును చక్రవర్తులు ఏవిధముగా నడుపుచున్నారో నా కంతుపట్టలేదు.

బంధుత్వముల స్థితి ఇంతకంటె మెఱుగు కాదు. పెద్దన ఆంధ్రకవితాపితామహుడు. తాత యున్నపుడు పినతండ్రి, మేనమామ, తోడల్లుడు మొదలగువా రుండుట లోకసహజము. మన కవితకు మాత్రము తాత తప్ప అన్యు లెవరును దిక్కులేరు. ఇక పక్షులు. కోకిల మీద ఉభయుల హక్కు కలదు: దువ్వూరి రామిరెడ్డిగారును కవికోకిలయే, జాషువగారును కవికోకిలయే. ఆబాలగోపాలమును వేకువనే లేపు కోడి కంటె లోకోపకారి యెవరు? అయినను కవికుక్కుట బిరుదము నేటికిని ఖాళీగానే యున్నది. ఆశావహు లెవరైన ముందుకు రావచ్చును. ఇక కృష్ణశాస్త్రిగారు ఆంధ్రషెల్లీ. ఆంగ్లదేశములో ఏ కవినైన ఆంగ్లకృష్ణశాస్త్రి యని పిలుచుచున్నారేమో యని మా గ్రంథాలయములో ఒక మధ్యాహ్నమంతయు వెదకితిని. పిలుచుచున్నట్లు ఆధారము దొరకలేదు. ఋణము తీర్చుకొను మర్యాద వారికి లేదని తేల్చుకొని, భోజనమునకు పోయితిని. అప్పటికి సాంబారు అయిపోయినది.

పరీక్షాగృహమును విడిచి సినిమాహాలులో తల దాచుకొందమన్న, అచ్చటను ఇదియే గోడు. నటరత్న, నటసామ్రాట్, విశ్వనటచక్రవర్తి! 1957 నాటి మాయాబజారులో ఘటోత్కచుడు వివాహభోజనమును ఆరగించుచుండగా నేను లోకము మఱచి నవ్వుచుంటిని. ప్రక్కనున్న మిత్రుడు నా మోచేతిని పొడిచి, "ఏమోయ్, ఎస్వీ రంగారావుగారి బిరుదేమి?" అని అడిగెను. ఆ మీద వచ్చిన లడ్డులను నేను చూడలేదు.

రాజమహేంద్రవరములో దామెర్ల రామారావుగారి చిత్రశాలకు పోయినపుడును అంతియే. 1897లో పుట్టి, 1925లో, ఇరువది యెనిమిదేండ్లు నిండకమున్నే పోయిన ఆ చిత్రకారుని 'కార్తీక పౌర్ణమి' యెదుట నేను నిలువబడియుండగా, మా మిత్రుడు చేతిపుస్తకము తెఱచి, గోడలన్నియు పరికించి, బిరుదేదియు కానరాక, పుస్తకము మూసి, "పోదమా?" అనెను.

నవ్వుచునే యింత దూరము వచ్చితిని గాని, గడచిన రాత్రి నాకు శ్రీనాథుడు జ్ఞప్తికి వచ్చెను. ప్రౌఢదేవరాయల ఆస్థానములో డిండిమభట్టు కంచుఢక్కను పగులగొట్టించి, కనకాభిషేకము పొందిన ఆ కవిసార్వభౌముడు, కడపటి దినములలో బొడ్డుపల్లె పొలము గుత్తకు తీసికొని, పంటను కృష్ణ కొట్టుకొనిపోగా, ఏడునూఱు టంకముల పన్ను చెల్లింపలేక, భుజమున నల్లగుండు మోసికొని ఎండలో నిలువబడెనని చాటుపద్యములు చెప్పుచున్నవి. బిరుదు తలపై నుండెను. గుండు భుజముపై నుండెను. మా మాస్టా రొక్క బిరుదుకు మార్కున్నర యైన కట్టిరి. ఆనాటి పన్నువాడు ఒక్క టంకమైన తగ్గింపలేదు.

బిరుదులన్నియు వట్టివేయని గూడ నే ననజాలను. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారంతటి వృద్ధపండితులు వంగి, జాషువ కాలికి తమ చేతులతో గండపెండేరము తొడిగిరి. ఆ కాలిని గుడిమెట్టు ఎక్కనీయని దేశములో తొడిగిరి. ఈ సంగతియు నా సమాధానములో వ్రాసితిని. దానికి మార్కు పడలేదు. గండపెండేరము ఆభరణమే గాని బిరుదు కాదట.

మాస్టారిపై నాకు కోపము లేదు. రెండువందల కాగితములు ముందు పెట్టుకొని, లాంతరు వెలుగులో కన్నులు చికిలించుకొను మనుష్యుడు నాలుగు బిరుదులనైతే లెక్కింపగలడు గాని, ఒక కుఱ్ఱవానికి నిద్రపట్టని రాత్రికి ఎన్ని మార్కులు వేయగలడు? వార్షిక పరీక్షకు ఇంక రెండు మాసములే యున్నవి. నా మంచము ప్రక్క గోడకు ఒక కాగితము అంటించుకొంటిని. అందు నలువదిమంది కవుల బిరుదులున్నవి. ఈ ఉదయమునకు పందొమ్మిదిమందివి కంఠస్థమైనవి. గబ్బిలమును గ్రంథాలయమునకు తిరిగి యిచ్చివేసితిని.