నేను ఆపించిన బిళ్ళ

క్యాన్సర్‌కి కొత్త మందు, కొత్త పరీక్ష అని ఎక్కడ వార్త కనిపించినా వదలకుండా చదువుతాను. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను కాబట్టి మా బంధువులకి నా మాట మీద గురి ఎక్కువ. ఆ గురిని అడ్డం పెట్టుకుని, సగమే అర్థమైన ఒక పరిశోధనను నమ్ముకుని, మా మావయ్య రోజూ వేసుకోవాల్సిన బిళ్ళ మాన్పించాను. డాక్టరుగారిని ఒక్క మాట అడగలేదు.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. తణుకులో టైలరు. నలభై దాటాక మనిషి చిక్కిపోవడం మొదలుపెట్టాడు. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయేది, ఎడమ డొక్క కింద ఏదో బరువుగా ఉందనేవాడు. అది పెరిగిన ప్లీహం. రక్తం చూస్తే తెల్లకణాలు లక్షన్నర దాటాయి. పెద్ద పరీక్షలయ్యాక క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, సీఎంఎల్ అన్నారు.

నా మొదటి తెలివితక్కువ పని ఆ రాత్రే జరిగింది. ఇంట్లో ఉన్న పాత వైద్య పుస్తకం తీసి చూస్తే, ఈ జబ్బు వచ్చినవాళ్ళు మూడు నుంచి ఐదేళ్ళు బతుకుతారని ఉంది. అమ్మని పక్కకి పిలిచి ఆ మాట చెప్పేశాను. అమ్మ అన్నం మానేసింది. తమ్ముడి ఎదుట నిలబడలేక ఆసుపత్రికి రావడం కూడా మానేసింది. పుస్తకం ఏ సంవత్సరం నాటిదో నేను చూడలేదు. ఆ లెక్క ఇమాటినిబ్ అనే మందు రాకముందుది.

ఇమాటినిబ్ కథ తెలిసుంటే ఆ మాట నా నోట వచ్చేది కాదు. 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు ఈ రోగుల రక్తకణాల్లో మామూలుకంటే పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోమును చూశారు. తొమ్మిదో క్రోమోజోము ముక్క, ఇరవై రెండో దాని ముక్క చోట్లు మార్చుకోవడం వల్ల అలా జరుగుతోందని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ మార్పిడిలో రెండు జన్యువులు అతుక్కుని బీసీఆర్-ఏబీఎల్ అనే ఎంజైము పుడుతుంది. కణాన్ని ఆగకుండా విభజన చెందమని తోసేది అదే. ఇమాటినిబ్ ఆ ఎంజైములోని ఒక సందులో కూర్చుని దాని పని ఆపేస్తుంది. బ్రయన్ డ్రకర్ వంటివారి పట్టుదలతో 2001లో ఈ మందు అమెరికాలో ఆమోదం పొందింది. మొదటి నుంచీ దీన్ని వాడినవాళ్ళలో నూటికి 83 మంది పదేళ్ళ తర్వాత కూడా బతికే ఉన్నారని 2017లో లెక్క వచ్చింది. మన దేశంలో పేటెంటు కోసం స్విస్ కంపెనీ వేసిన కేసును 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పట్లో కంపెనీ మందు నెలకి లక్షా ఇరవై వేలు ఉంటే, మన కంపెనీల మందు పదివేల లోపే దొరికేది. మావయ్య లాంటివాళ్ళకి చవక బిళ్ళ అందుతూనే ఉందంటే ఆ తీర్పు వల్లే. ఆ పేటెంటును ఎదిరించినవాళ్ళలో హైదరాబాద్ నాట్కో కూడా ఉందని తెలిసినప్పుడు నాకు గర్వంగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

మావయ్యకి డాక్టరుగారు రాసింది ఈ బిళ్ళే: రోజుకి 400 మిల్లీగ్రాములు, అన్నం తిన్నాక, పెద్ద గ్లాసుడు నీళ్ళతో. కొన్ని వారాల్లోనే తెల్లకణాలు దిగాయి, డొక్క మెత్తబడింది, ఆకలి తిరిగొచ్చింది. కానీ పిక్కలు పట్టేసేవి. రోజంతా మిషను తొక్కే మనిషికి అదెంత కష్టమో పక్కన కూర్చుని చూస్తే తెలుస్తుంది. పొద్దున్న లేచేసరికి కళ్ళు ఉబ్బి ఉండేవి. ఒంటి రంగు కూడా తేలిపోయింది. చర్మానికి రంగునిచ్చే కణాలకి కావలసిన మరో ఎంజైమును కూడా ఈ మందు అడ్డుకుంటుంది. పెళ్ళిళ్ళలో కనిపించినవాళ్ళు “ఎంత తెల్లగా అయ్యావురా” అంటే అత్తయ్య అక్కడ నిలబడలేక లోపలికి వెళ్ళిపోయేది.

ఆ రోజుల్లోనే నేను స్టిమ్ అనే పరిశోధన గురించి చదివాను. ఫ్రాన్స్‌లో మాహోన్ బృందం చేసింది, 2010లో వెలువడింది. ఇమాటినిబ్ ఆపేసిన రోగుల్లో నూటికి నలభై మందికి పైగా ఏడాది గడిచినా జబ్బు తిరగబెట్టలేదు. నా కంటికి ఆ ఒక్క వాక్యమే ఆనింది. రక్తకణాల్ని లెక్కపెట్టే సీబీపీ పరీక్షలో మావయ్య రిపోర్టులు వరసగా బాగున్నాయి. బీసీఆర్-ఏబీఎల్ జాడ ఎంత మిగిలిందో కొలవడానికి మూడు నెలలకోసారి చేయించమన్న పీసీఆర్ పరీక్షకి వేలల్లో ఖర్చు కాబట్టి దాన్ని వాయిదా వేస్తూ, ఊళ్ళో ల్యాబులో సీబీపీతో సరిపెట్టుకుంటున్నారు. “ఆపి చూడొచ్చు మావయ్యా, విదేశాల్లో ఆపుతున్నారు” అన్నాను. ఆయన తటపటాయించాడు. “అమ్మాయి చెప్తోందిగా, చదువుకున్న పిల్ల” అంది అత్తయ్య. ఆ మాటతో బిళ్ళ ఆగిపోయింది.

అదే వ్యాసంలో, నేను చూపు పోనివ్వని చోట ఏముందో చెప్తాను. వాళ్ళు మందు ఆపింది, పీసీఆర్‌లో కనీసం రెండేళ్ళ పాటు జబ్బు ఆనవాలే దొరకని వాళ్ళకి. అప్పటికే వాళ్ళు ఏళ్ళ తరబడి మందు వాడినవాళ్ళు. ఆపాక తరచుగా పరీక్షలు చేస్తూ పోయారు. జబ్బు మళ్ళీ కనిపించగానే మందు మొదలుపెట్టారు. తిరగబెట్టినవాళ్ళలో దాదాపు అందరికీ మొదటి ఆరు నెలల్లోనే అది జరిగింది. మావయ్యకి మందు మొదలుపెట్టి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు. ఆయన ఒంట్లో జబ్బు ఎంత మిగిలి ఉందో కొలిచిన కాగితం మా దగ్గర లేదు.

సీబీపీ ఆ పని చేయలేదు. ఈ జబ్బు బయటపడే నాటికి ఒంట్లో లక్ష కోట్ల దాకా క్యాన్సర్ కణాలుంటాయి. డాక్టర్లు మంచి ఫలితంగా లెక్కవేసే 0.1 శాతానికి పీసీఆర్ దిగిందంటే కూడా ఇంకా వంద కోట్లు మిగిలి ఉన్నట్టు. సీబీపీ అంతకంటే చాలా ముందే మామూలైపోతుంది. పైగా మజ్జలో విభజన చెందకుండా నిద్రపోయే మూలకణాల్ని ఇమాటినిబ్ చంపదు, వాటి సంతానాన్ని మాత్రమే అణిచి ఉంచుతుంది. రోజూ వేసుకోమనేది అందుకే. లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రిలో బిళ్ళల సీసా మూతకి చిప్పు పెట్టి, రోగులు ఎన్నిసార్లు తెరిచారో మూడు నెలలు లెక్కపెట్టారు. నూటికి తొంభై బిళ్ళలకంటే ఎక్కువ వేసుకున్నవాళ్ళలో ఆరేళ్ళకి ఆ 0.1 శాతం మెట్టు చేరే అవకాశం 94 శాతం పైన, అంతకు తగ్గినవాళ్ళలో 28 శాతం. నెలకి మూడు బిళ్ళలు తప్పితే చాలు, గీత దగ్గరికి వచ్చినట్టే. నేను మొత్తం నెలలకి నెలలే తప్పించాను.

నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతి ఇంకొకటుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి గురించి నేను ఏటా పిల్లలకి చెప్తాను. ఆయన నాయకత్వంలో లెడర్లే కంపెనీలో తయారైన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఇచ్చాడు. 1948లో ప్రచురించిన వ్యాసంలో 16 మందిలో 10 మందికి గుణం కనిపించిందని రాశాడు. అక్కడికి చెప్పి ఆపేసేదాన్ని. ఆ పిల్లలకి జబ్బు నెలల్లోనే తిరిగొచ్చిందని, రక్తం శుభ్రపడ్డాక కూడా రెండు మూడేళ్ళు మందులు సాగించాలని వైద్యులు తర్వాతి దశాబ్దాల్లో ఎన్నో ప్రాణాలు పోయాక నేర్చుకున్నారని చెప్పేదాన్ని కాదు. సుబ్బారావుగారి బృందమే ఇచ్చిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ లుకేమియా పిల్లల కొనసాగింపు చికిత్సలో ఉంది. ఆ మిగిలిన సగం కథ నేను మనసుకి పట్టించుకుని ఉంటే మావయ్యకి ఆ సలహా ఇచ్చేదాన్ని కాదు.

బిళ్ళ మానిన కొన్ని నెలలకి మావయ్యకి ఆయాసం వచ్చింది. తెల్లకణాలు పెరిగాయి. డాక్టరుగారి ముందు ఆయన నా పేరు చెప్పలేదు, “నేనే మానేశానండీ” అన్నాడు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. అప్పుడు నోరు విప్పి నిజం చెప్పాను. డాక్టరుగారు నన్ను తిట్టలేదు, పీసీఆర్ రాసి, వెంటనే బిళ్ళ మొదలుపెట్టమన్నారు. ఈసారి ఇమాటినిబ్‌తో జబ్బు దిగాల్సినంత దిగలేదు. మ్యుటేషన్ పరీక్ష చేయించి, డాసాటినిబ్ అనే మరో మందుకి మార్చారు. దానితో అదుపులోకి వచ్చింది. “ఆపడం వల్లేనా?” అని అడిగితే, అవునని గాని కాదని గాని చెప్పలేమన్నారు. మావయ్య మిషను తొక్కుతున్నాడు. అమ్మ తమ్ముడింటికి వెళ్తోంది.

మందు ఆపి బతకడం ఇప్పుడు సీఎంఎల్ రోగుల్లో కొందరికి నిజంగానే సాధ్యం. అది ఈ తరం వైద్యం సాధించిన గొప్ప విషయం, ఆ అదృష్టం మావయ్యకి కూడా ఒకనాటికి దక్కాలని నా కోరిక. మీ ఇంట్లో ఈ జబ్బున్నవాళ్ళు ఉంటే పీసీఆర్ మానకండి. డబ్బు ఇబ్బందైతే ఆ సంగతి డాక్టరుకే చెప్పండి. మీరు చదివిన వార్తను ఆయన ముందు పెట్టి, ఇది మాకు వర్తిస్తుందా అని అడగండి. జవాబు వచ్చేదాకా బిళ్ళ ఆపకండి.