ఏకక్లిక్ సూత్ర వ్యాఖ్య

మూలము: “ఈ వెర్షన్‌లో కొత్తవి: ఒక్క క్లిక్‌తో కాన్‌ఫ్లిక్ట్ పరిష్కారం. ఏఐ కమిట్ మెసేజ్. ఇంకా అనేక మెరుగుదలలు.”

అవతారిక: 2005లో లైనస్ టోర్వాల్డ్స్ నిర్మించిన గిట్‌ను కమాండ్ లైనున నడుపనేరని వారికిని, నేర్చియు బద్ధకించు వారికిని రంగుల గీతలతో వెలసిన క్లయింటొకటి కలదు. అది అప్‌డేటయినపుడెల్ల ఈ సూత్రము తెరకడ్డముగా ప్రత్యక్షమగును. విజ్ఞులు చదువకయే ‘ఓకే’ నొక్కుదురు. కావున వ్యాఖ్య ఆవశ్యకమయ్యెను.

టీక: ‘ఈ వెర్షన్‌లో’, ‘కొత్తవి’, ‘ఒక్క క్లిక్’ – స్పష్టము.

‘కాన్‌ఫ్లిక్ట్’ కడ కొంత ఆగవలయును. ఇరువురు ఒకే వరుసను రెండు తీరుల మార్చినచో గిట్ తాను తీర్పు చెప్పదు. ఏడేసి కోణపు గుర్తుల నడుమ రెండు పాఠములను నిలిపి, చేతులు కట్టుకొని నిలుచును. పాఠనిర్ణయము పండితుని పని యని దానికి తెలియును.

బ్రౌను దొరకును తెలియును. వేమన పద్యములను 1829లో అచ్చొత్తించుటకు ముందు ఆయన చూచిన ప్రతులు ఒకటొక తీరు. లేఖకుడొకడు కునుకుపాటున పాదము దాటవేయును. వేరొకడు తనకు నచ్చిన పదము చేర్చును. కడప బంగళాలో దొర పండితులకు జీతములిచ్చి కూర్చుండబెట్టి, కావ్యముల ప్రతులను ఒకదానితో నొకటి పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. అట్లు పోల్చిన తాటాకు ప్రతుల సొగసు చెప్పనలవి కాదు! కడపటి ఆకున లేఖకుడు సంవత్సరము, మాసము, తిథి, తన పేరు, ఎవరికొఱకు వ్రాసెనో తెలిపి, తప్పులున్న మన్నింపుమని పెద్దలను వేడుకొనును. గంటముతో ఆకుపై కమిట్ చేసినవాడు కూడ అంత చెప్పుకొనెను.

ప్రకృతము – ఏమి చెప్పుచుంటిమి? క్లిక్.

ఆ ఒక్క క్లిక్ ‘మనది’, ‘వారిది’ అను రెంటిలో ఒకటి ఉంచి రెండవది మాయము చేయును. విశేషము: రీబేసు చేయునపుడు ‘మనది’ అనగా అవతలి బ్రాంచి, ‘వారిది’ అనగా మన సొంత పని. ఇది అద్వైతులకు సుగమము, అన్యులకు దురూహము. బటనుపై ఈ హెచ్చరిక లేదు.

‘ఏఐ కమిట్ మెసేజ్’: మూలాధారము లేనిదేదియు వ్రాయనని మెదకు సీమ కొల్చారమునకు చెందిన వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేసెను. (అక్కరలేనిది చెప్పననియు ననెను, ఆ భాగము ఇచట వర్తింపదు.) ఇక యంత్రలేఖకుని రచన చూడుడు. టైమౌట్ 30 సెకన్ల నుండి 90 అయినచో, “టైమౌట్ విలువను 90కి నవీకరించడం ద్వారా విశ్వసనీయత మెరుగుపరచబడింది.”

30 పోయి 90 వచ్చిందని డిఫ్ చెబుతూనే ఉంది కదయ్యా! ఎందుకు పెంచారు? నెలాఖరులో అవతలి సర్వర్ నెమ్మదిస్తుందనా, టెస్ట్ ఎలాగోలా పాసవ్వాలనా? అది తెలిసినవాడు కంపెనీ మారిపోయాడు. అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోయి, బ్లేమ్ తీసి ఆ వరుస ముందు కూర్చున్నవాడికి కావలసింది ఆ ఒక్క ముక్క. వాడికి దొరికేది విశ్వసనీయత.

క్షమింపుడు.

‘ఇంకా అనేక మెరుగుదలలు’: చిన్నయసూరి తన వ్యాకరణమున ‘బహుళము’ అన్నచో వెంట ఉదాహరణమైన నిచ్చును. ఇచట ఉదాహరణము మనమే వెదకికొనవలయును. ఈమారు దొరికినది: పుల్ బటను ఉన్న చోటికి ఫెచ్ వచ్చినది.

తాత్పర్యము: ఏమి మారెనో గిట్ చెప్పును, ఎవరు మార్చిరో గిట్ చెప్పును, ఎప్పుడో గిట్ చెప్పును. ఎందుకో చెప్పుటకు మనిషికి మిగిలినది ఆ చిన్న పెట్టె ఒక్కటే. దానిని కూడ ముందే నింపి ఇచ్చుచున్నారు. చెరిపి వ్రాయుడు.