చేతికి మట్టంటకుండా కారు బాగుచేసే విధానం

గుద్దుకున్న కారును బాగుచేయడం పెద్ద విద్యేమీ కాదు. ఆ పని సరిగ్గా జరగలేదని తేలిన రోజున మాట తన మీదికి రాకుండా చూసుకోవడమే అసలు విద్య. ఇందులో షెడ్డు, సర్వేయరు, బీమా కంపెనీ ఎవరికి వారే ఆరితేరినవారు. నాలుగోవాడు కారు యజమాని. అతనికి ఏ విద్యా అక్కర్లేదు, చేతిలో పెన్నుంటే చాలు.

మొదటి మెట్టు ఎస్టిమేట్. నష్టం 50,000 రూపాయలు దాటితే లైసెన్సున్న సర్వేయరు వచ్చి చూడాలి. షెడ్డువాళ్లు డోరు మార్చాలని రాస్తారు. సర్వేయరు దాన్ని కొట్టేసి ‘రిపేరు’ అని రాస్తాడు. అక్కడ షెడ్డు వాదించకూడదు. ‘సర్వేయర్ గారు ఒప్పుకోలేదు సార్’ అన్న ఒక్క మాట కొత్త డోరు కంటే విలువైనది. సర్వేయరు తన వంతుగా, ‘నేను నష్టం లెక్క కట్టానంతే, పని చేసింది వాళ్లు’ అనాలి. ‘షెడ్డును ఎంచుకున్నది కస్టమరే’ అని కంపెనీ అనాలి. తిలా పాపం తలా పిడికెడు అన్నారు పెద్దలు. ఈ రంగంలో ఆ పిడికెడు పంచుకునేవాడు కూడా ఉండడు.

రెండో మెట్టు పుట్టీ. సొట్టను సగం లాగి వదిలేయాలి. మిగతా సగం లోతును పుట్టీతో పూడ్చి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, ప్రైమరు కొట్టి, రంగు వేసి, పాలిష్ పట్టాలి. డోరు అద్దంలా మెరుస్తుంది. పైన పటారం, లోన లొటారం.

ఒక్కోసారి షెడ్డుకు ఈ శ్రమ కూడా తప్పుతుంది. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు సామాన్ల ధరలో 50 శాతం, ఫైబరువైతే 30 శాతం తరుగు కింద కోస్తారు. బండి వయసు అయిదేళ్లు దాటితే ఇనుప భాగాల మీద కోత 40 శాతం. తరుగు కోయని ‘జీరో డెప్’ పాలసీ తీసుకోని యజమాని లెక్క చూసి గతుక్కుమని, ‘బంపరు మార్చొద్దు, అతికించెయ్యి బాబూ’ అంటాడు. షెడ్డువాళ్లు ఈ మాటను జాబ్ కార్డులో పెద్దక్షరాలతో రాసుకోవాలి. తాము ఇచ్చిన మాటలు మాత్రం నోటితోనే పోవాలి.

మూడో మెట్టు పాలసీ కాగితం. బండిని బాగుచేయించాలా, మార్చాలా, డబ్బివ్వాలా అన్నది కంపెనీ ఇష్టమని షరతుల్లో ఒక వాక్యం ఉంటుంది. క్యాష్‌లెస్ షెడ్ల జాబితా కూడా కంపెనీదే, బిల్లు కట్టేదీ కంపెనీయే. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చదివే యజమాని ప్రమాదకారి. అదృష్టవశాత్తూ పాలసీని చదవడానికి ఎవరూ కొనరు.

ఈ పద్ధతికి ఒకసారి ఎదురుదెబ్బ తగిలింది, మనవాళ్లు వేలల్లో స్థిరపడిన డాలస్‌లో. వడగళ్లకు సొట్టలు పడ్డ 2010 మోడల్ హోండా ఫిట్‌కు బీమా కింద ఒక బాడీ షాపు కొత్త టాపు వేసింది. తయారీదారు పద్ధతి ప్రకారం టాపును వెల్డింగ్ చేయాలి. షాపు జిగురుతో అతికించింది. తర్వాత ఆ కారును సెకండ్‌హ్యాండ్‌లో కొన్న దంపతులకు టాపు మారిన సంగతే తెలియదు. 2013 డిసెంబరులో వాన రోడ్డు మీద జారిన ఒక పికప్ ట్రక్కు వాళ్లను ఢీకొట్టింది. టాపు ఊడింది, బండి నలిగింది, మంటలు లేచాయి. ఇద్దరూ తీవ్రంగా గాయపడ్డారు. బిల్లు కట్టేది బీమా కంపెనీ కాబట్టి వాళ్ల మాట వినక తప్పదన్నట్టు షాపు తరఫు సాక్ష్యం సాగింది. 2017లో జ్యూరీ మొత్తం నష్టాన్ని 4.2 కోట్ల డాలర్లుగా కట్టి, అందులో 75 శాతం షాపు నెత్తిన పెట్టింది. మిగతాది ట్రక్కు డ్రైవరుకు. అంటే గుద్దినవాడి కంటే అతికించినవాడి వాటా మూడింతలు. షెడ్లలో ఈ కథ గట్టిగా చెప్పుకోకపోవడం మంచిది.

మన దగ్గరా గండాలు లేకపోలేదు. హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, అయితే ఆయన కంపెనీల మీద ఫిర్యాదులే వింటారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మాత్రం షెడ్డునూ కంపెనీనీ ఒకే కేసులో నిలబెట్టవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. గడువు రెండేళ్లు. కాబట్టి ‘వచ్చే సోమవారం రండి సార్’ అనే మాటను 104 సార్లు అనగలిగితే షెడ్డు గట్టెక్కినట్టే.

చివరి మెట్టు డెలివరీ. సాయంత్రం ఏడు దాటాక, ట్యూబులైటు కింద, కడిగి సెంటు కొట్టిన కారు ముందు యజమానిని నిలబెట్టాలి. తాళం ఒక చేత్తో, ‘పనితో తృప్తి చెందాను’ అన్న కాగితం మరో చేత్తో ఇవ్వాలి. పాత సామాన్లు చూపించమంటే, ‘పాత ఇనుము బండివాడు మధ్యాహ్నమే పట్టుకెళ్లాడు సార్’ అంటే సరిపోతుంది. పగలు రమ్మనకూడదు. పగలొచ్చే యజమాని ఇంట్లో ఫ్రిజ్ మీది తిరుపతి లడ్డు అయస్కాంతం బొమ్మను జేబులో వేసుకొస్తాడు. దాన్ని డోరుకు ఆనిస్తాడు. అది అంటుకోకుండా జారి కింద పడుతుంది. అప్పుడు షెడ్డు అడ్వైజరు కంగారు పడకుండా వంగి, బొమ్మను తీసి, దుమ్ము దులిపి, ‘మీ లడ్డు పడిపోయింది సార్’ అంటూ చేతికివ్వాలి.