మన లెక్కే లెక్క!

కృష్ణా నీళ్లలో ఉమ్మడి రాష్ట్రానికి బచావత్ ట్రైబ్యునల్ కేటాయించింది 811 టీఎంసీలు. 2015లో తాత్కాలికంగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అని సర్దారు. అంకెలు అందరికీ ఒక్కటే. చదివే కళ్లే వేరు.

పరీవాహక ప్రాంతం తెలంగాణలోనే ఎక్కువంటే హైదరాబాద్‌లో అది భూగోళశాస్త్రం, విజయవాడలో రాజకీయం. పాత ఆయకట్టుకే ముందు హక్కంటే విజయవాడలో అది న్యాయశాస్త్రం, హైదరాబాద్‌లో దోపిడీ. మనవైపు మాట్లాడిన రిటైర్డ్ ఇంజినీరు మేధావి. అవతలివైపు మాట్లాడినాయన, మనాయనతో ఒకే కాలేజీలో ఒకే బెంచీ మీద చదివినా సరే, అమ్ముడుపోయిన మనిషి! మనకు నచ్చిన వ్యాసానికి శీర్షిక దగ్గరే తలూపేస్తాం. నచ్చనిదాన్ని మాత్రం అచ్చుతప్పు దొరికేదాకా వదలం.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు లెండి. 1979లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మరణశిక్ష కావాలనే విద్యార్థులకూ, వద్దనే విద్యార్థులకూ అవే రెండు అధ్యయనాలు చదివించారు. ఒకటి అటు, ఒకటి ఇటు. చదివాక ఎవరైనా మెత్తబడ్డారా? నచ్చినదాన్ని మెచ్చుకుని, నచ్చనిదాంట్లో లోపాలు ఏరి, ఇరుపక్షాలూ మునుపటికంటే బిగుసుకుపోయాయి.

పక్షపాతం పట్టుకునే పరీక్ష తేలికే. ఇవే ఆధారాలు మన పక్షానికి అనుకూలంగా తేలితే ఇన్ని తప్పులు వెతికేవాళ్లమా? ఈ ప్రశ్న వినగానే ‘పక్క రాష్ట్రం వాళ్లకు భలే చురక!’ అనిపించిందా? అయితే మీ ఫలితం వచ్చేసినట్టే.